పడినవాళ్ళను లేపే వరస

సముద్రం మధ్య దీవుల్లో, మిడిల్ పాయింట్ అనే పేటలోని ఆ ఆఫీసులో ఆటల వారం వచ్చిందంటే ఏటా తాడు లాగేవారు. కిందటేడు తాడు లాగుతూ ఒక హెడ్ క్లర్కు నడుము పట్టేసి నెలన్నర మంచానికి అతుక్కుపోయేసరికి, ఢిల్లీ నుంచి కొత్తగా వచ్చిన డైరెక్టరు తాడు మానిపించి వీడియో గేమ్ పెట్టాడు. నలుగురు కలిసి ఆడే ఆట. దాని అసలు పేరు ఇంగ్లీషులో బారెడుంది. ఆఫీసులో అందరూ గ్లాడియేటర్ అనే అనేవారు. గుండ్రటి బరి, చుట్టూ అరిచే జనం, మధ్యలో నాలుగు రంగుల టోపీలు పెట్టుకున్న నలుగురు బొమ్మ మనుషులు. గేట్లు తెరుచుకోగానే అడవిపందులు, సింహాలు, సుత్తులు పట్టుకున్న లావుపాటి వస్తాదులు వచ్చి మీద పడతారు. చేతికి ఏది దొరికితే దానితో కొట్టడమే. కత్తి గాని, కుండ గాని, నిచ్చెన గాని, ఎండుచేప గాని. చిక్కు ఎక్కడంటే, మనం తిప్పిన కర్ర పందికి తగిలినట్టే పక్కనున్న స్నేహితుడికీ తగులుతుంది. అందుకే స్నేహితులు ఆ ఆటను కడుపు చెక్కలయ్యేలా నవ్వుతూ ఆడతారు. స్నేహితులు కానివాళ్ళు, అందులోనూ ఒకే సెక్షనువాళ్ళు ఆడితే ఎలా ఉంటుందో డైరెక్టరు ఆలోచించినట్టు లేదు.

లహరి ఆలోచించింది. ఆలోచించి ముక్కు చిట్లించింది. డాలీగంజ్‌లో పెదనాన్న పిల్లలతో కలిసి రెండేళ్ళుగా ఆ ఆట ఆడుతున్న మనిషి ఆమె. ఏ గేటులోంచి ఏ క్షణాన పంది వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఫైలుకి ట్యాగు సరిగ్గా కట్టడం రాని ఈ మనుషులు సింహాన్ని చంపడానికి బయలుదేరారా అనుకుంది. ఇరవై ఆరేళ్ళకే మనుషుల మీద అంత చులకన ఆమెకి ఎక్కడినుంచి వచ్చిందో గాని, వచ్చింది. ఈ ఆఫీసులో గడిపిన ఆరేళ్ళలో అది తగ్గే సందర్భం ఒక్కటీ ఎదురుకాలేదు.

జట్టులో సూపరింటెండెంటు ఒకడు, క్లర్కు ఒకడు, రోజుకూలీ సిబ్బంది ఇద్దరు ఉండాలని నిబంధన. పెద్దా చిన్నా కలిసిమెలిసి ఆడాలని డైరెక్టరు ముచ్చట. లహరి సెక్షనులో సూపరింటెండెంటు చంద్రమౌళి. క్లర్కు ధనరాజు. కాగితాల మీద రోజువారీ మజ్దూర్లుగా ఉన్న ఇద్దరిలో లహరి డిగ్రీ చదివి టైపు కొడుతుంది, హాజరు రిజిస్టరు రాస్తుంది. రెండో ఆవిడ బేబీరాణి. జంగ్లీఘాట్‌లో చేపలు పట్టే ఇంటి మనిషి, నలభై అయిదు దాటినావిడ. గదులు ఊడ్చి, టీ పెట్టి, కప్పులు కడుగుతుంది.

ఈ ఇద్దరి మధ్యా ఆ నెలలో ఇంకో సంగతి నలుగుతోంది. సెక్షనుకి ఒకే ఒక్క పర్మినెంటు పోస్టు వచ్చింది. అటెండరు పోస్టే, అయినా పర్మినెంటు. ఆ ఒక్క మాట పేరు పక్కన చేరితే చాలు, దీవుల్లో మనిషి నడక మారిపోతుంది. సర్వీసు తెగకుండా ఎక్కువ ఏళ్ళు ఎవరు చేస్తే అది వాళ్ళది. బేబీరాణికి పద్నాలుగేళ్ళు. లహరికి ఆరు. ఈ ప్రకారం లహరికి ఆశే ఉండకూడదు. కానీ వారం కిందట చంద్రమౌళి ఆమెను తన గదిలోకి పిలిచి, "ఫికర్ మత్ కరో అమ్మడూ. లిస్టు పంపేది నేనే కదా" అన్నాడు. లహరి ఎందుకని గాని, ఎలాగని గాని అడగలేదు.

మంగళవారం మొదటి ప్రాక్టీసు. కాన్ఫరెన్సు హాల్లో ఏసీ వేసి, గోడ మీదికి బొమ్మ పడేట్టు ప్రొజెక్టరు పెట్టి, వరసగా నాలుగు కుర్చీలు వేశారు. చంద్రమౌళి ఎర్ర టోపీ తీసుకున్నాడు, ఎర్రరంగు ఆఫీసరు రంగు అని. ధనరాజు నీలం. లహరి ఆకుపచ్చ. మిగిలిన పసుపు బేబీరాణికి. ఆవిడ కంట్రోలరును రెండు చేతులా టీ ట్రే పట్టుకున్నట్టు బల్లపరుపుగా పట్టుకుని, కుర్చీ అంచున కూర్చుంది.

గేటు తెరుచుకుంది. ఒక పంది వచ్చి సరిగ్గా ధనరాజు ముందు నిలబడింది. ధనరాజు చేతిలో గొడ్డలి ఉంది.

"కొట్టండి ధనరాజు గారూ" అంది లహరి.

ధనరాజు కొట్టలేదు. "సార్, మీరు కానివ్వండి" అన్నాడు.

"నేను దూరంగా ఉన్నానయ్యా."

"పరవాలేదు సార్, రండి. ఇది ఉంటుంది."

పంది ఉండలేదు. ధనరాజును రెండు కుమ్ములు కుమ్మి కింద పడేసి, చంద్రమౌళి మీదికి వెళ్ళింది. లహరి పరుగెత్తుకెళ్ళి నిచ్చెన తిప్పింది. పంది చచ్చింది. నిచ్చెన రెండో కొస తగిలి ఎర్ర టోపీ ఎగిరి గోడకు కొట్టుకుంది.

"ఎవరది? నన్ను కొట్టిందెవరు?" అన్నాడు చంద్రమౌళి కుర్చీలో నిటారుగా అయి.

"పందే సార్" అన్నాడు నేల మీద పడి ఉన్న ధనరాజు.

అంతసేపూ పసుపు టోపీ ఒక మూల గోడకు ముఖం ఆనించి నడుస్తూనే ఉంది. గోడ జరగదని బేబీరాణికి ఎవరూ చెప్పలేదు. లహరి ఆవిడ వంక చూసింది, తెర వంక చూసింది, పళ్ళు బిగించింది. సూపరింటెండెంటు వెర్రివాడు, క్లర్కు పిరికివాడు. వాళ్ళతోనైనా ఎలాగో వేగవచ్చు. ఈవిడ మాత్రం ఉత్త బరువు అనుకుంది.

ఆ ఆటలో పడినవాణ్ణి లేపే ఏర్పాటు ఒకటుంది. పడినవాడు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటూ ఉంటాడు. పక్కన నిలబడి మీట నొక్కి పట్టుకుంటే లేస్తాడు. లేపినవాడి ప్రాణంలో సగం వాడికి పోతుంది. నలుగురూ పడిపోతే ఆట సరి. బుధవారం నాడు చంద్రమౌళి, ధనరాజు ఒకేసారి పడ్డారు. లహరికి ధనరాజు దగ్గరగా ఉన్నాడు, లేపింది. ఈలోగా సింహం ఒకటి వచ్చి చంద్రమౌళి పొట్ట మీద కూర్చుంది. చంద్రమౌళి మీట నొక్కి ఆట ఆపేశాడు. 

"నేను పడి ఉన్నాను" అన్నాడు చంద్రమౌళి నెమ్మదిగా. "ఇతన్ని లేపారు."

"నేను వద్దని చెప్పబోయాను సార్" అన్నాడు ధనరాజు. "నోరు పెగల్లేదు, చచ్చిపోయి ఉన్నాను కదా."

మధ్యాహ్నానికి ఆర్డరు వచ్చింది. చంద్రమౌళి డిక్టేట్ చేశాడు, లహరి టైపు కొట్టింది, ధనరాజు డిస్పాచ్ నంబరు వేసి సీలు గుద్దాడు. ఆట నడుచుచున్న సమయమున పడిపోయిన సభ్యులను ఈ దిగువ వరుసలో మాత్రమే లేపవలెనని దాని సారాంశం. ఒకటి చంద్రమౌళి. రెండు ధనరాజు. మూడు లహరి. నాలుగు బేబీరాణి. వరస తప్పినవారు లిఖితపూర్వకంగా కారణం చెప్పవలెను. నాలుగు కాపీలు తీసి, అందినట్టు నలుగురి చేతా సంతకాలు పెట్టించారు. సింహాల ముందు సీనియారిటీ పాటించమని సీలు వేసి మరీ ఉత్తర్వు ఇచ్చిన ఆఫీసు దేశంలో ఇంకొకటి ఉండదని లహరి అనుకుంది. డాలీగంజ్ పిల్లలకు చూపించి నవ్వుదామని ఫోనులో ఫోటో కూడా తీసుకుంది. మూడో పేరు, నాలుగో పేరు అటుదిటు అయ్యాయని ఆమె వేళ్ళకి టైపు కొడుతున్నప్పుడే తెలిసింది. పద్నాలుగేళ్ళావిడ కింద, ఆరేళ్ళావిడ పైన. పోనీలే, ఆటే కదా అనుకుంది.

బేబీరాణి హిందీ అక్షరాల్లో సంతకం పెట్టి, కాగితం ఎత్తి చూసింది. "ఇందులో ఏటి రాసినారు లహరమ్మా?"

"నువ్వు పడితే ఆఖర్న లేపుతారట దీదీ."

"అలగా." ఆవిడ కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుంది. "మొదట లేపితే మాత్రం నానేటి సేత్తాను. మళ్ళీ పడిపోతాను గదా."

ధనరాజు పగలబడి నవ్వాడు. చంద్రమౌళి కూడా నవ్వాడు. లహరికి నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. మరీ ఇంత వెర్రిబాగులదైతే ఎలా అని.

గురువారం ధనరాజుకి ఒక ఉపాయం తోచింది. జంతువు ఎప్పుడూ దగ్గర ఉన్నవాడి మీదికే వెళుతుంది కాబట్టి, బేబీరాణిని గేటు దగ్గర నిలబెడితే, అది ఆవిడను నములుతుండగా వెనకనుంచి సారు కొట్టవచ్చు. ఆవిణ్ణి ఎలాగూ చివర్నే లేపాలి, ఆర్డరుంది. చంద్రమౌళి భుజం తట్టి మెచ్చుకున్నాడు.

"బేబీ, నువ్వు గేటు దగ్గర నిలబడు."

"నిలబడి ఏటి సెయ్యాలి సార్?"

"నిలబడు, అంతే. అదే నీ డ్యూటీ."

నిలబడింది. గేటు తెరుచుకుంది. రెండు సింహాలు పసుపు టోపీని చెరోవైపు పట్టుకుని చీల్చుతుండగా చంద్రమౌళి తీరిగ్గా వెనకనుంచి బల్లెంతో పొడిచి, పొడిచినప్పుడల్లా "క్యా బాత్ హై" అని తనను తానే మెచ్చుకున్నాడు. రౌండు నెగ్గారు. రెండోదీ నెగ్గారు. ప్రతి రౌండులోనూ బేబీరాణి గేటు దగ్గర చచ్చి, రౌండు అయ్యేదాకా కాళ్ళు కొట్టుకుంటూ పడి ఉండి, తరవాతి రౌండుకి మళ్ళీ వెళ్ళి అక్కడే నిలబడేది. "బాగానే ఆడతన్నానా లహరమ్మా?" అని ఒకసారి అడిగింది కూడా.  లహరికి లోపల ఎక్కడో చిన్నగా గుచ్చుకుంది గాని, జట్టు నెగ్గుతోంది. ఉత్త బరువుకి కూడా ఒక ఉపయోగం దొరికిందని సర్దుకుంది.

ఆ సాయంత్రమే చంద్రమౌళి లిస్టు డిక్టేట్ చేశాడు. పేర్లు, చేరిన తేదీలు, మొత్తం సర్వీసు. బేబీరాణి పేరు దగ్గరకు వచ్చేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "రిమార్కుల్లో వెయ్యి. ఫిబ్రవరి, మార్చిల్లో నలభై ఒక్క రోజులు గైర్హాజరు. సర్వీసులో బ్రేక్" అన్నాడు.

లహరి వేళ్ళు ఆగాయి. బ్రేక్ పడిందంటే అంతకు ముందు చేసిన ఏళ్ళన్నీ గంగలో కలిసినట్టే. అదొక్కటే అయితే ఆగేవి కావేమో. ఆ నలభై ఒక్క రోజులూ బేబీరాణి ఎక్కడుందో ఆమెకు తెలుసు. షాదీపూర్‌లో చంద్రమౌళి ఇంట్లో, ఆయన కూతురు పెళ్ళికి అప్పడాలు ఎండబెట్టిన దగ్గర్నుంచి, వెళ్ళిపోయిన చుట్టాల దుప్పట్లు ఉతికిన దాకా. పెళ్ళికి లహరీ వెళ్ళింది. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళితే, పొయ్యిల వెనక ఇంతెత్తు గిన్నెల గుట్ట ముందు గొంతుక్కూర్చుని బూడిద పెట్టి తోముతూ బేబీరాణి కనిపించింది. మోచేత్తో జుట్టు వెనక్కి తోసుకుని, "తిన్నావా లహరమ్మా?" అని అడిగింది కూడా.

"సార్, ఆ రోజులు..."

"రిజిస్టరులో ఉందా?"

"లేదు సార్."

"రిజిస్టరు ఎవరు రాస్తారు?"

"నేనే."

"మరి? నువ్వు రాయనిది నువ్వే ఉందంటావా?" అని చంద్రమౌళి మెత్తగా నవ్వి, కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఖాళీగా వదిలెయ్యి, తరవాత సర్దుదాం అన్నానా లేదా. ఇదిగో, ఇప్పుడు సర్దుతున్నాం. పోస్టు ఒక్కటే అమ్మడూ. ఆవిడకి వస్తే ఏం చేసుకుంటుంది? నీకు ముందు బోలెడు జీవితం ఉంది."

లహరి టైపు కొట్టింది. నలభై ఒకటి అని అంకెల్లో వేసి, బ్రాకెట్లో అక్షరాల్లో కూడా వేసింది. సోమవారం డైరెక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన ఫైల్లో పెట్టి, ట్యాగు కట్టింది. ట్యాగు చాలా బాగా కట్టింది. ఆ రోజు స్కూటీ మీద డాలీగంజ్ వెళుతూ, పద్నాలుగేళ్ళు పనిచేసినా నోరు విప్పి ఒక్క మాట అడగలేని మనిషికి ఏ పోస్టిచ్చి ఏం లాభం అని తనకు తాను చెప్పుకుంది. తప్పు చేసినవాళ్ళకి ఎదటివాడి చేతకానితనం మహా ఊరట. వెతుక్కుని మరీ దాన్ని పట్టుకుంటారు.

శుక్రవారం బేబీరాణి లేపడం నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు. గేటు దగ్గర సింహం ఆవిణ్ణి చూడకుండా పక్కనుంచి పోయి ధనరాజును పడగొడితే, ఆవిడ ఏదో మీట నొక్కిపట్టింది, ధనరాజు లేచి కూర్చున్నాడు. అంతే. ఇక అక్కణ్ణుంచి ఆవిడకు అదొక్కటే పని. కొట్టడం రాదు, తప్పుకోవడం రాదు. ఎవరైనా పడితే మాత్రం పెదవి కింద నాలిక నొక్కిపెట్టి, పసుపు టోపీని గోడల వెంట ఎలాగో నెట్టుకొచ్చి, పక్కన నిలబెట్టి, మీట మీద బొటనవేలు తెల్లబడేదాకా నొక్కేది. సగం ప్రాణం ఇచ్చేది. మళ్ళీ ఎవరైనా పడితే ఆ మిగిలిన దాంట్లో సగం ఇచ్చేది. అయిపోవాల్సిన ఆట అయిపోకుండా సాగేది. మధ్యాహ్నం రెండింటికి ముగించాల్సిన ప్రాక్టీసు నాలుగైంది.

"చూశారా, స్వామిభక్తి అంటే అదీ" అన్నాడు ధనరాజు.

లహరి మొదటిసారి ఆవిడ ముఖం కేసి పరీక్షగా చూసింది. ఎవరి గొంతు కోస్తున్నారో వాళ్ళే వచ్చి ఇలా లేపుతున్నారే అనిపించింది. ఆ అనిపించడం ఆమెకు నచ్చలేదు.

శనివారం ఫైనలు. హాలు నిండా అన్ని సెక్షన్ల జనం. ముందు వరసలో సోఫాలు, డైరెక్టరు, ఆయన భార్య, పూలగుత్తులు. తక్కిన సెక్షన్లలో ఉన్న బేబీరాణిలంతా ట్రేలు పట్టుకుని సోఫాల మధ్య సమోసాలు పంచుతున్నారు. అకౌంట్సు సెక్షను జట్టు మూడో రౌండులోనే ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుని చచ్చింది. వాళ్ళ సూపరింటెండెంటు, క్లర్కు బయటకు వెళ్ళేటప్పుడు కూడా కొట్టుకునేట్టే ఉన్నారు. ఇక అయిదో రౌండు దాటితే చాలు, కప్పు లహరి జట్టుదే.

అయిదో రౌండులో నాలుగు గేట్లూ ఒకేసారి తెరుచుకుంటాయి. ధనరాజు ఆలోచించని సంగతి అది. ఒక్క గేటు దగ్గరే బేబీరాణి ఉంది. మిగతా మూడింట్లోంచి వచ్చినవి, వాటి వెంటే ఆవిడ గేటులోనిదీ, నేరుగా చంద్రమౌళి మీదికి వెళ్ళాయి. ఆయన "ధనరాజూ" అన్నాడు. ధనరాజు అడ్డం వచ్చి పడ్డాడు. ఆ వెనకే చంద్రమౌళీ పడ్డాడు. లహరి కూల్చినవి పోగా సుత్తి వస్తాదు ఒకడు, సింహం ఒకటి మిగిలాయి. లహరి ఎండుచేప పట్టుకుని చుట్టూ తిరుగుతూ కొడుతోంది. సుత్తి తగిలింది. పడింది.

"బేబీ, ఇటు. నన్ను లేపు" అన్నాడు చంద్రమౌళి.

పసుపు టోపీ గేటు దగ్గరనుంచి బయలుదేరింది. ఎర్ర టోపీ దారిలోనే ఉంది. దాన్ని దాటుకుని వచ్చి లహరి పక్కన నిలబడింది. లహరి లేచింది, నాలుగు దెబ్బలు వేసింది, మళ్ళీ పడింది. పసుపు టోపీ మళ్ళీ వచ్చింది.

"బేబీ, ఆర్డరు. ఆర్డరు ఉంది" అన్నాడు చంద్రమౌళి. సోఫాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. బేబీరాణికి వినపడలేదో, వినపడిందో గాని తెర మీదనుంచి కళ్ళు తిప్పలేదు. మూడోసారి లహరి పడినప్పుడు పసుపు టోపీకి ప్రాణం గోరంత మిగిలింది. అందులోనూ సగం ఇచ్చింది. ఆ సగంతో లహరి లేచి, వస్తాదు కాళ్ళ సందులోంచి దూరి వెనకనుంచి చేపతో వాణ్ణి కూల్చింది. అప్పుడు సింహం బేబీరాణిని పట్టుకుంది. లహరి సింహం వీపు వెనకే ఉంది. అది పసుపు టోపీని నములుతూ మెడ వంచింది. నిన్నా మొన్నా నేర్చుకున్న పద్ధతే. కొట్టింది. సింహం పడింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తెర మీద ఎర్ర, నీలం టోపీలకు దూరంగా పసుపు టోపీ ఒక పక్కన కాళ్ళు కొట్టుకుంటూ పడి ఉంది. ఆట అయిపోయింది గనక ఇక లేపడానికి లేదు.

ఫోటోకి పిలిచారు. డైరెక్టరు మధ్యలో, కప్పు చంద్రమౌళి చేతుల్లో. బేబీరాణి చీర కుచ్చిళ్ళు సర్దుకుని లహరి పక్కకు వచ్చి నిలబడింది. "బేబీ, ఆ ఖాళీ ప్లేట్లు ముందు తీయించు, ఫ్రేములో పడుతున్నాయి" అన్నాడు చంద్రమౌళి. ఆవిడ ప్లేట్లు తీయడానికి వెళ్ళింది. ఫోటోగ్రాఫరు ఆగలేదు.

ఆదివారం డాలీగంజ్‌లో లహరి తల్లి గవరమ్మ ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఆ ఫోటోను అటూ ఇటూ జరిపి చూసింది. "నలుగురు ఆడేరన్నావు. మీ వాళ్ళు ముగ్గురే కనబడతన్నారు గదే."

"నాలుగో ఆవిడ ప్లేట్లు తీస్తోంది."

"ఫోటో తీసేదాకా ఆగలేకపోయేయా ప్లేట్లు?" అంది గవరమ్మ. ఆవిడ మామూలుగానే అంది. మళ్ళీ చింతపండు గింజలు తీసే పనిలో పడింది. లహరి మాత్రం ఆ రోజు అన్నం సగంలో వదిలేసింది. చంద్రమౌళి అంటే అసహ్యం, ధనరాజంటే అసహ్యం, సరే. వాళ్ళిద్దరి పక్కనా నిలబడి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న ఈ మూడో ఆవిడ ఎవరు అని ఫోటో వంక చాలాసేపు చూసింది.

సోమవారం అందరికన్నా ముందు ఆఫీసుకి వచ్చింది. ఫైలు ట్యాగు విప్పింది. లిస్టు తీసి, కొత్తది కొట్టింది. రిమార్కుల్లో ఇలా వేసింది. పై నలభై ఒక్క రోజులూ బేబీరాణి సూపరింటెండెంటు గారి ఆదేశం మీద షాదీపూర్‌లో వారి ఇంట పెళ్ళిపని చేసినది. హాజరు రిజిస్టరు రాయునది నేనే, ఖాళీగా వదిలినదీ నేనే. కింద సంతకం పెట్టింది. చంద్రమౌళి వచ్చేదాకా ఆగితే తన మనసు మారుతుందని ఆమెకు తెలుసు. అందుకని ఆగలేదు. నేరుగా డైరెక్టరు గదిలోకి వెళ్ళింది.

"అరే, ఛాంపియన్" అన్నాడు డైరెక్టరు. తరవాత కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు. "ఇది రాస్తే పోస్టు మీకు రాదని తెలుసా?" అని హిందీలో అడిగాడు. తెలుసంది. ఆయన చంద్రమౌళిని పిలిపించాడు, తరవాత బేబీరాణిని పిలిపించాడు, రిజిస్టరు తెప్పించాడు. పదకొండున్నరకి లిస్టు మీద బేబీరాణి పేరు మొదట ఉంచి సంతకం చేశాడు. చంద్రమౌళిని సంజాయిషీ రాసిమ్మన్నాడు. లిఖితపూర్వకంగా.

గదిలోంచి బయటకు వచ్చిన చంద్రమౌళి లహరి టేబులు దగ్గర ఆగాడు. ముఖం నల్లగా ఉంది గాని, గొంతు ఎప్పట్లాగే మెత్తగా ఉంది. "ఆవిడ పర్మినెంటు. నేను ఎలాగూ పర్మినెంటే. మెమో వస్తుంది, పోతుంది. నువ్వొక్కదానివే ఎటూ కాకుండా పోయావు. ఇది ఆట అనుకున్నావా అమ్మడూ?" అని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ధనరాజు ఆమె వంక చూడకుండా, ఉన్న ఫైలునే తీసి మళ్ళీ సర్దుతున్నాడు.

లహరికి భయం వేయలేదు. ఛాతీ నిండా గాలి పీల్చుకున్నట్టు ఉంది. చాలా కాలానికి తన మీద తనకు గౌరవం కలిగింది, అది ఇంకొకరి నోటంట వినాలనిపించింది. లేచి వెనక వసారాలో టీ పెట్టే చోటుకి వెళ్ళింది. రేకుల మీద వాన టపటపా పడుతోంది. బేబీరాణి కుళాయి కింద కప్పులు కడుగుతోంది. ఆ ఉదయం ఆఫీసులో తలకిందులైనదాని గురించి ఆవిడ ముఖం మీద ఏమీ రాసి లేదు.

"దీదీ" అంది లహరి. "డైరెక్టరు సార్ నీకు చెప్పారు కదా."

"సెప్పినారు."

 కప్పు ఒకటి బోర్లించి, ఆవిడ ఇంకోటి తీసుకుంది.

"నేనే రాసిచ్చాను. నా పోస్టు పోతుందని తెలిసే రాశాను."

"నీ పోస్టా?" బేబీరాణి తల ఎత్తింది. కోపం లేదు. ఆ కళ్ళల్లో ఉన్నదేమిటో లహరికి వెంటనే అర్థమైంది. ఆరేళ్ళుగా తాను అందరి వంకా చూస్తున్న చూపే అది. "ఆ నలభయ్యొక్క రోజులూ ఖాళీగా ఒగ్గీసింది ఎవలు?"

"నేనే."

"పెళ్ళిలో నన్ను సూసినావు గదా."

"చూశాను."

"మరి నువ్విచ్చింది ఏటి లహరమ్మా? నాది నాకు ఇచ్చినావు. అదీ తొమ్మిది నెల్లు నీకాడ ఉంచుకుని. దానికి నాను దండం ఎట్టాలేటి?"

 "నువ్వు నన్ను మూడుసార్లు లేపావు" అంది లహరి. అనేటప్పటికే ఆ మాట ఎంత పేలవంగా ఉందో ఆమెకి వినపడింది. "సార్ పిలుస్తున్నా నా దగ్గరికే వచ్చావు. అందుకని నేను..."

బేబీరాణి నవ్వింది. తడిచేతులు చీరకు తుడుచుకుని మరీ నవ్వింది.

"పేమతో లేపేననుకున్నావా? ఓలమ్మా. ఆట అయిపోతే నానేటి సేత్తాను? అన్ని ప్లేట్లూ నానే కడగాల. ఆట నడిసినంతసేపూ కూకోవచ్చు. పద్నాలుగేళ్ళల్లో ఈ ఆఫీసులో నన్ను ఏసీలో కూకోబెట్టింది ఆ సింవ్వాలొక్కటే. సార్ లేసినా మళ్ళీ పడిపోతారు. ధనరాజు ఆయన్తో పాటే పడిపోతాడు. నువ్వైతే కాసింత సేపు కొడతావు. అందుకని నిన్ను లేపినాను."

  బేబీరాణి పొయ్యి మీదనుంచి గిన్నె దింపి, టీ వడగట్టి, ఒక కప్పులో పోసి, సాసరు పెట్టి, ట్రేలో ఉంచింది. ట్రేని లహరి వైపు జరిపింది.

"సార్ టీ అడిగినారు. నువ్వు ఒట్టుకెల్లు. ఇయ్యాల నాకు ఆ మొకం సూడాలని లేదు."

అని, గోడవారగా బోర్లించి ఉన్న నీళ్ళ డబ్బా మీద కూర్చుని, కాళ్ళు చాపుకుంది.

లహరి ట్రే అందుకుంది. అది అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. వసారా దాటి, ధనరాజు టేబులు దాటి, మోచేత్తో తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. చంద్రమౌళి వంగి సంజాయిషీ రాసుకుంటున్నాడు.

"అక్కడ పెట్టు బేబీ" అన్నాడు తలెత్తకుండా.

లహరి అక్కడ పెట్టింది.